వెండిమీది రెండక్షరములు

కొంతకాలము క్రిందట మా మిత్రులొకరి యింట శుభకార్యమునకై పాతపెట్టె తెఱవగా, అందు వెండి గిన్నెల నడుమ నొక చెంచా కనబడినది. అది మన పనివారు చేసినది కాదు. కాడ సన్నముగా, కొన గుండ్రముగా, ఎట్టి పువ్వును తీవెయు లేక సాదాగా నున్నది. తాతగారు చెన్నపట్టణమున వేలములో కొన్న దొరల సామానులో నిది యొకటి యని యింటివారు చెప్పిరి. కాడ వెనుక వడ్లగింజంతలేసి గుఱుతులు నాలుగు కలవు. అందొకటి సింహము, కాబట్టి కుంపిణీవారి ముద్ర యని యొకరనిరి. ఇంకొకచోట రెండు ఇంగ్లీషు అక్షరములు, హెచ్, బి, కలిపి వ్రాసినట్లున్నవి; అది చెంచా వాడుకొన్న దొరపేరని మఱియొకరనిరి. ఆ యింటికి పెద్దదిక్కు మా మిత్రుల మేనత్తగారు. చిన్నతనముననే భర్త పోగా, పుట్టింటనే యుండి ఆ సంసారమును నడపిన యామె. ఈ వాదమంతయు విని, "దొర సంగతి కేమి, దీనిని చేసిన కంసాలి యెవరో ఆ గుఱుతులు చెప్పునా?" అని యడిగిరి. ఆ ప్రశ్న చిన్నదే. సమాధానము మాత్రము మమ్ము చాలదూరము తీసికొనిపోయినది.

వెండికిని ముద్రకును సంబంధము మన భాషలలోనే యున్నది. రూప్యమనగా రూపము కొట్టబడినదని పాణిని యర్థము చెప్పినాడు. రూపాయి యను మాట దానినుండియే వచ్చినది. కౌటిల్యుని యర్థశాస్త్రమున సువర్ణాధ్యక్షుడను నధికారి కలడు. ఒరగల్లుపై గీచి వన్నె చూచు విధములును, లోహమును తస్కరించుటకు కంసాలులు పన్ను నుపాయములును అందు విస్తరముగానే కలవు. కాని నాణెముపై రాజుముద్ర యుండుట వేఱు, ఇంటి చెంచాపై పనివాని గుఱుతుండుట వేఱు. ఈ రెండవదానిని చట్టముగా నేర్పఱచి, ఏడువందల యేండ్లుగా విడువక నడపిన దేశములలో ఇంగ్లండు ముఖ్యమైనది.

అచ్చట 1300 సంవత్సరమున మొదటి యెడ్వర్డు రాజు, వెండి సామాను నాణెపు వెండికి తక్కువ వన్నెలో నుండరాదనియు, స్వర్ణకార సంఘపు పెద్దలు పరీక్షించి చిఱుతపులి తల ముద్ర వేసినగాని అమ్మరాదనియు శాసించెను. ఆ వన్నె యనగా వేయి పాళ్లలో 925 పాళ్లు వెండి, తక్కినది రాగి. అచ్చమైన వెండి మెత్తన, వాడుకకు నిలువదు, అందుచేత ఆ మాత్రము కలుపుట తప్పనిసరి. అంతకు మించి కలుపుటయే మోసము. 1363లో ప్రతి పనివాడును తనకొక సొంత గుఱుతు నేర్పఱచుకొని సామానుపై కొట్టవలెనని మఱియొక శాసనము వచ్చినది. 1478లో సంవత్సరమున కొక యక్షరము చొప్పున కొట్టు పద్ధతి మొదలైనది. అప్పటినుండి పరీక్షయంతయు లండనులోని సంఘభవనమున, అనగా వారి 'హాలు'నందే జరుగుచుండుటచేత, హాల్‌మార్కు అను మాట పుట్టినది. 1544 నుండి నడచుచున్న సింహము చేరినది. ఎనిమిదవ హెన్రీ నాణెములలో రాగి హెచ్చించి దేశమును ముంచిన దినములవి. నాణెము చెడినను ఈ సామాను చెడలేదని చెప్పుటకే సింహమును పెట్టిరని పలువురి యభిప్రాయము.

ఇక్కడ చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. ఈ గుఱుతులలో నేదియు పనివాని కీర్తికొఱకు పుట్టినది కాదు. కల్తీ బయటపడిననాడు ఎవనిని పట్టుకొనవలెనో తెలియుటకు పనివాని గుఱుతు. సంవత్సరాక్షరమో, రాబోవు కాలపువారు వయస్సు లెక్కించుకొనుట కేర్పడినది కాదు. ఆ యేడు పరీక్షాధికారి యెవరో, తప్పు చేసినవాడు పనివాడా పరీక్షకుడా యని తేల్చుటకు. అనగా మొదటివాడు దొంగయైనచో దొరకుటకు మొదటి గుఱుతు. వానిని కాచినవాడు దొంగయైనచో దొరకుటకు రెండవది. నేడు దొడ్డ వెలలు పెట్టి కొనువారు కళాకారుని సంతకముగా నెన్ని కన్నుల కద్దుకొను నక్షరములు, పుట్టుకచేత జామీను పత్రముల వంటివి.

మా మిత్రుల చెంచాకు వత్తము. పనివాని యక్షరములను మొదటనే చూచి పేరు వెదకబూనుట ఈ విద్యలో క్రొత్తవారు చేయు తప్పు. మేమును చేసితిమి. అవే యక్షరములు గలవారు ఎందఱో యుందురు. కాలమును, ఊరును ముందు తేల్చుకొన్నగాని ఆ గుంపు తగ్గదు. సింహమున్నది గనుక ఇది 925 వన్నెకు నిలిచిన ఇంగ్లండు వెండి. కిరీటము ధరించిన చిఱుతపులి తల యున్నది గనుక లండను పరీక్ష. 1821లో ఆ కిరీటమును తీసివేసిరి గనుక అంతకు పూర్వపుది. బర్మింగుహాము, షెఫీల్డు పట్టణములకు 1773లో సొంత పరీక్షాశాలలు వచ్చినవి. మొదటిదానికి లంగరు, రెండవదానికి కిరీటము గుఱుతు. (ఆ యూళ్లవారు పార్లమెంటులో పనికై లండను వచ్చి 'కిరీటము-లంగరు' అను పేరుగల పానశాలలో సమావేశమై, అందుండియే గుఱుతులు పంచుకొనిరని ఒక కథ చెప్పుదురు.) మా చెంచాపై అవి లేవు. మూడవ గుఱుతు చిన్నబడి 'హెచ్' అక్షరము. లండను వారు ఇరువది యక్షరముల వరుసను నడపి, వరుస ముగియగానే అక్షరపు తీరు మార్చుదురు. 'జె'ని విడుతురు, 'యు'తో ఆపుదురు. చిన్నబడి సాదా అక్షరముల వరుస 1776లో మొదలైనది. లెక్కించి చూడగా 'హెచ్' 1783 అగును. సరిచూచుకొనుటకు ఇంకొక యాధారము కలదు. 1784 డిసెంబరునుండి వెండిపై సుంకము కట్టినదానికి రాజుగారి తలముద్ర యొకటి అదనముగా కొట్టిరి. 1890 వఱకు నడచినది. మా చెంచాపై రాజుతల లేదు. లెక్క కుదిరినది.

అక్షర సంవత్సరము జనవరిలో మొదలుకాదని కూడ నిక్కడ చెప్పవలెను. ఆ కాలమున మే నెల 29వ తేదీన అక్షరము మారెడిది. కావున ఒక యక్షరము రెండు సంవత్సరములపై బడును. ఇది చాదస్తపు మాటగా తోచవచ్చును గాని, ముందు దీనితో పని యున్నది.

ఇక పనివాని గుఱుతు. మొదట నివి బొమ్మలు: నక్షత్రము, చేప, పువ్వు, అంగడి ముందు వ్రేలాడు పలక మీది చిత్రము. పనివారిలోను, కొనువారిలోను చదువురానివారే హెచ్చు గనుక బొమ్మయే తగినది. క్రమముగా అక్షరములు వచ్చినవి. 1697లో, వెండి నాణెములను కఱగించి సామాను చేయుట మితిమీఱినందున, సామాను వన్నెను నాణెమున కంటె హెచ్చించి 958 పాళ్లకు తెచ్చిరి. సింహమునకు మాఱుగా బ్రిటానియా యను స్త్రీమూర్తిని పెట్టి, పనివారందఱును ఇంటిపేరులోని మొదటి రెండక్షరములనే గుఱుతుగా నుంచుకొనవలెనని విధించిరి. 1720లో పాత వన్నె మరల వచ్చినది. రెండు వన్నెలవారు రెండువిధముల గుఱుతులు కొట్టుచు గందరగోళమైనది. 1739లో పార్లమెంటు ఈ చిక్కు తీర్చుటకు, పాత గుఱుతులన్నియు నాశనము చేసి, సొంతపేరు, ఇంటిపేరుల మొదటి యక్షరములతో, పాతవానికి పోలికలేని క్రొత్త గుఱుతులు నమోదు చేసికొనుడని యాజ్ఞాపించినది. ఒకే మనిషికి మూడు నాలుగు గుఱుతులుండుటకు కారణమిదియే. ఇంకొక చిక్కు: జాను, జొనాతను, జేమ్సు వంటి పేరులకు 'జె' మాఱుగా 'ఐ' కొట్టెడివారు. ఇది తెలియక ఐజాకు, ఐసయ్యాలను వెదకుచు దినములు పోగొట్టుకొన్నవారు కలరు.

గుఱుతు దొరకినంత మాత్రమున పేరు దొరకదు. గుఱుతును పేరును ఒకేచోట వ్రాసియుంచిన పుస్తకము కావలెను. 1697కు ముందటి గుఱుతులు కొట్టిన రాగిరేకొకటి లండను సంఘభవనమున మిగిలినది గాని, పేరులు లేవు. ముద్దాయిల వేలిముద్రలు మాత్రము మిగిలి, ముద్దాయిలు మాయమైనట్లు. 1697 నుండి పేరు, నివాసము, తేదీతో పుస్తకములు కలవు. పెద్ద సామాను పనివారి కొకటి, చిన్న సామాను పనివారి కొకటి. అందులోను రెండు పోయినవి: చిన్న పనివారిది 1739 నుండి 1758 వఱకు, పెద్ద పనివారిది 1758 నుండి 1773 వఱకు. చార్లెసు జాక్సను అను నాయన ఎన్నో యేండ్లు శ్రమించి వేలకొలది గుఱుతులను 1905లో నొక్క గ్రంథముగా ప్రకటించెను. ఆర్థరు గ్రిమ్‌వేడు లండను పుస్తకములను పుటపుటయు పరిశీలించి 1976లో మఱియొకటి ప్రకటించెను. పుస్తకము పోయిన కాలపు గుఱుతులకు మాత్రము ఇద్దఱును ఊహనే యాశ్రయింపవలసి వచ్చినది.

మా చెంచా గుఱుతు అదృష్టవశమున మిగిలిన పుస్తకములోనిది. 1761 ఏప్రిలు 16వ తేదీన చిన్న పనివారి పుస్తకములో నమోదైనది. ఆ తేదీకి సరియైన పెద్ద పనివారి పుస్తకము నేడు లేదు గనుక, ఆ గుఱుతు అందులో చేరియుండినచో ఈనాడు 'ఊహ' యను మాట తగిలించియే ఆ పేరు చెప్పుకొనవలసి వచ్చెడిది. పేరు హెస్టరు బేట్‌మను. స్త్రీ.

ఈ మాట చెప్పగానే మేనత్తగారు చెంచాను తిరిగి చేతిలోనికి తీసికొనిరి.

హెస్టరు 1708లో పుట్టినది. భర్త జాను బేట్‌మను బంగారు గొలుసులు చేయువాడు. 1760లో క్షయచేత చనిపోవుచు తన పనిముట్లను భార్యకు వ్రాసియిచ్చెను. పనిముట్లు భార్యకు వ్రాయుట యూరక జరుగదు. ఆమెకు వానితో పరిచయమున్నదని తెలిసినవాడే వ్రాయును. అప్పటికి ఆమెకు ఏబదియేండ్లు దాటినవి, పిల్లల తల్లి, చదువు వ్రాత రాదు. తన పేరు వ్రాసికొన లేని యామె, తన పేరిటి రెండక్షరములను ఉక్కుమీద చెక్కించి, మఱుసటి యేడే సంఘభవనమునకు పోయి నమోదు చేయించినది. మన పత్రములలో చదువురానివారు నిశాని పెట్టుట యందఱు నెఱుగుదురు. ఆ నిశాని అప్పులపాలైన పొలముల క్రిందనే మన స్త్రీలలో హెచ్చుగా కనబడును. ఈమె నిశాని ముప్పదియేండ్లపాటు వెండిమీద కనబడినది.

మొదటి పది పండ్రెండేండ్లలో నది అరుదు. అప్పుడామె ఇతర వర్తకులకు పని చేసియిచ్చెడిది. వారు తమ గుఱుతు కొట్టి అమ్ముకొనెడివారు. 1774 ప్రాంతమునుండి హెచ్.బి. యను నక్షరములు విరివిగా కనబడును: చెంచాలు, చక్కెర చిమటాలు, ఉప్పు గిన్నెలు, టీ పాత్రలు, మద్యపు సీసాల మెడలకు తగిలించు చీటీలు. బర్మింగుహాము, షెఫీల్డు కార్ఖానాలవారు పలుచని రేకుతో చౌకసామాను చేసి లండను పనివారి పొట్ట కొట్టుచున్న కాలమది. బన్‌హిల్ వీధిలోని ఈ విధవ, వారి పద్ధతినే చేపట్టి, మరలో నొత్తిన పలుచని రేకుతో, అంచున ముత్యాల వరుస వంటి చిన్న యలంకారముతో, మధ్యతరగతి గృహస్థులు కొనగల వెండి చేయించినది. రాజుల కొఱకు కాదు. పరిశోధకులలో కొందఱు దీనినే తప్పుగా నెన్ని, ఆమె వెండి పలుచన యని యాక్షేపింతురు. పలుచన యగుటచేతనే అది మా మిత్రుల తాతగారి వంటివారి యింటికి చేరినదని మా సమాధానము.

1790లో ఆమె పని విరమించినది. ఇక్కడ ముందు చెప్పిన మే నెల లెక్క పనికివచ్చును. చిన్నబడి 'పి' యక్షరము 1790 మే నుండి 1791 మే వఱకు నడచినది. ఆ యొక్క యక్షరము ప్రక్కన బేట్‌మను కుటుంబపు గుఱుతులు మూడు కనబడును. మొదట తల్లిది, హెచ్.బి. డిసెంబరులో కొడుకులు పీటరు, జొనాతనులు 'పి.బి.' క్రింద 'ఐ.బి.' యని నమోదు చేసికొనిరి. 1791 ఏప్రిలులో జొనాతను చనిపోయెను. మే నెల ఆరంభమున నతని భార్య యాన్, పీటరుతో కలిసి 'పి.బి.', 'ఎ.బి.' యని క్రొత్తది నమోదు చేసినది. నడిమి గుఱుతు నాలుగైదు నెలలే బ్రదికినది గనుక, ఆ కుటుంబపు గుఱుతులలో నదియే మిక్కిలి అరుదైనది. ఒక్క సంవత్సరాక్షరము లోపల నొక యత్తగారి విరమణ, కొడుకు మరణము, కోడలి వైధవ్యము, నెల తిరుగకముందే యామె అత్తవలెనే పనిపీట యెక్కుట, ఇవన్నియు వడ్లగింజంత ముద్రలలో నున్నవి. యాన్ 1805 వఱకు ఆ పనిలో నుండెను. హెస్టరు 1794లో చనిపోయెను.

ఇట్టి విధవలు ఆ పుస్తకములలో ఇంకను కలరు. పెక్కుమంది తమ యక్షరముల చుట్టు మూలలపై నిలిచిన చతురస్రపు గీత వేయించుకొనిరి. ఇంగ్లండులో స్త్రీల వంశచిహ్నములకు ఆ యాకారము వాడుక. హెస్టరు దానిని వాడలేదు. వాడినవారిలో ఎలిజబెత్తు కథ మన పాఠకులకు ప్రత్యేకముగా చెప్పదగినది. ఈమె సైమను పాంటి యను ప్రసిద్ధుడైన పనివాని కూతురు. ఫ్రాన్సునుండి మతహింసచేత వలసవచ్చిన వారి కుటుంబము. మొదటి భర్త ఆబ్రహాము బ్యూటో 1731లో చనిపోగా 'ఇ.బి.' యని నమోదు చేసినది. 1732లో బెంజమిను గాడ్‌ఫ్రీని పునర్వివాహమాడినది. ఆ దినమునుండి ఆమె గుఱుతు లేదు. అంగడి సామానుపై భర్తదే. 1741లో రెండవ భర్తయు చనిపోయెను. వెంటనే 'ఇ.జి.' యని ఆమె గుఱుతు తిరిగి వచ్చినది. ఆ గుఱుతుగల వెండి నేడు ఆ శతాబ్దపు ఉత్తమ పనులలో నెన్నబడుచున్నది. తొమ్మిదేండ్లు ఆమె చేతులు కట్టుకొని కూర్చుండెనని ఎవరు నమ్ముదురు? అప్పటి ఇంగ్లీషు ధర్మశాస్త్రము ప్రకారము భర్త యుండగా భార్యకు ప్రత్యేకమైన ఆస్తియు వ్యవహారమును లేవు. 1870, 1882 చట్టములు వచ్చువఱకు అదే తీరు. కాబట్టి స్త్రీ పేరు వెండి మీదికి రావలెనన్న భర్త పోవలెను. మన దేశమున విధవకు పేరు పోయెడిది. అక్కడ విధవకు మాత్రమే పేరు వచ్చెడిది. ఈ రెండింటిలో నేది మేలని అడుగువారికి మేము సమాధానము చెప్పలేము.

ఇంతవఱకు చదివినవారు హెస్టరు తన చేతితో మా చెంచాను సుత్తితో కొట్టి చేసినదని భావింపవచ్చును. పోయిన శతాబ్దమున అమెరికా సేకర్తలు అట్లే భావించి, ఆమెను వెండిపనివారికి రాణి యని పొగడిరి. 1959లో నాపేరుతోనే యొక పుస్తకము వచ్చినది. సత్యము అంత సులభము కాదు. ఆమె కార్ఖానాలో కొడుకులు, కోడలు, కూలిపనివారు, శిష్యులు ఉండిరి. అందులో నే చెంచాను ఎవరు కొట్టిరో గుఱుతు చెప్పదు. అది పురుషుల విషయమునను అంతియే. పాల్ డి లామరీ యనువాడు ఆ కాలపు పనివారిలో మొదటి శ్రేణివాడు. 1713లో గుఱుతు నమోదు చేసినవాడు. ఆ తరువాత రెండు మూడేండ్లకే, సంఘమున చేరని యితరుల పనిని తనదిగా చూపి ముద్రలు వేయించినాడని వానిపై సంఘమువారు తప్పు మోపిరి. సంఘము వెలుపలి ఆ నిరుపేదల చేతిపని నేడు వస్తుప్రదర్శనశాలలలో లామరీ పేరుతో వెలుగుచుండవచ్చును. కావుననే 1973 నాటి ఇంగ్లండు చట్టము 'చేసినవాని గుఱుతు' అను పాతమాటను విడిచి, 'పూచీదారుని గుఱుతు' అను నర్థమిచ్చు మాటను వాడినది. ఆఱువందల యేండ్లకు చట్టము తన మొదటి తలంపునకే తిరిగివచ్చినది.

మోసములను గుఱించి రెండు మాటలు. 1720 నుండి 1758 వఱకు ఔన్సుకు ఆఱు పెన్సుల సుంకముండెను. దానిని తప్పించుటకు కొందఱు చిన్న వస్తువునకు ముద్రలు వేయించి, ఆ ముక్కను కోసి, పెద్దపాత్ర అడుగున అతికెడివారు. ముద్రలన్నియు నిజమైనవే, పాత్ర మాత్రము పరీక్ష చూడలేదు. పాత్రపై నోటితో ఊదినచో ఆవిరి పట్టినప్పుడు అతుకు గీత కనబడునని సేకర్తలు చెప్పుదురు. 1758నుండి ముద్రను కూటముగా తయారుచేసినవానికి మరణశిక్ష విధించిరి. 1773లో దానిని ద్వీపాంతరవాసముగా తగ్గించిరి.

మన దేశమున కుంపిణీ కాలమునగాని, పిమ్మట దొరతనము కాలమునగాని వెండికి ఇట్టి పరీక్షాశాసనము లేకుండెను. కలకత్తా, చెన్నపట్టణములలో నంగళ్లు పెట్టిన ఇంగ్లీషు వర్తకులు తమ పేరుతోపాటు ఇంగ్లండు ముద్రలను తలపించు గుఱుతులను తామే కొట్టుకొనెడివారు. కలకత్తాలో హామిల్టను కంపెనీవారు ఏనుగు బొమ్మను వాడిరి. చెన్నపట్టణమున పి. ఆర్ అండ్ సన్సు వారి యంగడి దేవతామూర్తులు చెక్కిన వెండికి ప్రసిద్ధి కెక్కినది. దానిని దొరలు 'స్వామి' పని యనిరి. టీ పాత్రపై కృష్ణుడు, పాలగిన్నెపై లక్ష్మి. ఆ సామాను అడుగున కనబడునది ఆర్ గారి పేరు. పై మూర్తులను చెక్కినవారు దక్షిణదేశపు కంసాలులు; ధ్యానశ్లోకములనుబట్టి ఏ దేవతకు ఏ చేత ఏ యాయుధమో కంఠస్థముగా నెఱిగినవారు. వారిలో నొక్కని యక్షరమును ఆ వెండిమీద లేదు. హెస్టరు మొదటి పండ్రెండేండ్లు ఎట్లుండెనో వీరు తరతరములు అట్లే యుండిరి. కచ్ఛదేశమున భుజనగరమునందు ఓమర్సీ మావ్‌జీ యను పనివాడు 'ఓ.ఎం.' అని తన యక్షరములను తానే కొట్టుకొనెను. ఆ కారణముచేతనే వాని పని నేడు లోకమంతట గుఱుతింపబడి, వెల పలుకుచున్నది. మన కరీంనగరము వెండితీగ పనివారికి ఈ కాలమున భౌగోళిక గుఱుతింపు వచ్చినది. అది ఊరికి వచ్చిన పేరు. పనివానికి వచ్చినది కాదు.

స్వతంత్రభారతమున ప్రమాణముల సంస్థవారు 2000లో బంగారమునకును, 2005లో వెండికిని హాల్‌మార్కు నేర్పఱచిరి. మొదట బంగారు నగలమీద అమ్మినవాని గుఱుతు కూడ నుండెడిది. 2021లో దానిని తీసివేసి, నగనగకు వేఱువేఱుగా అక్షరములును అంకెలును కలిసిన ఆఱింటి గుఱుతును పెట్టిరి. ఆ యాఱింటిని యంత్రమున వెదకినచో అమ్మినవాని వివరము దొరకును. మోసము పట్టుటకు నిది మునుపటి కంటె మేలైన పద్ధతియే. నగ చేసినవాని పేరు అందులోను లేదు. ఇన్నూఱేండ్ల తరువాత మన మనుమరాండ్ర పెట్టెలో నొక నగ బయటపడినచో, ఆ యాఱక్షరములనుబట్టి వారికేమి తెలియును? ఆ లెక్కల యంత్రములు అంతకాలము నిలిచినచో అంగడివాని పేరు తెలియవచ్చును. వాడలలో దీపము ముందు వంగి కన్నులు పోగొట్టుకొన్న పనివాడు ఎవడో తెలియదు. నగలు కొనునప్పుడు మన సోదరీమణులు తఱుగెంత, మజూరి యెంతయని అడుగుదురు. చేసినదెవరని కూడ నడిగి, రసీదు వెనుకనైన ఆ పేరు వ్రాయించి దాచుకొన్నచో వ్యయమేమియు లేదు.

మేనత్తగారికి మేము చెప్పగలిగినది ఇంతే: 1783 మే నెలకును 1784 మే నెలకును నడుమ, లండనులో, హెస్టరు బేట్‌మను పూచీపై ఈ చెంచా తయారైనది, కొట్టిన చేయి ఆమెది కావచ్చును, కొడుకులది కావచ్చును, పేరులేని కూలివానిది కావచ్చును. ఆమె కొంతసేపూరకుండి, "పూచీ ఆమెది గదా, అది చాలును" అనిరి. తరువాత ఆ యక్షరములలో 'బి' యడుగుభాగము ఎందుకు అరిగినదని మేమడుగగా, ఏబది యేండ్లుగా ప్రతి పండుగకును తామే విభూతితో గట్టిగా తోముచుంటి మని చెప్పిరి. ఇకమీదట కాడ వెనుకవైపు తోమవద్దనియు, మెత్తని గుడ్డతో తుడిచిన చాలుననియు చెప్పి వచ్చితిమి.